మోగని చక్రం

సారీబులాక్ స్టేషన్, జనవరి 11

ప్రియమైన తులెగెన్ ఆగా,

అన్నా, మీరు నేర్పిన పనికి మచ్చ తెచ్చాను. సోమవారం మీ స్టేషన్‌లో మీరు చూసి పంపిన రైలుకి సుత్తితో చక్రాలు కొట్టి చూస్తున్నాను. ఏడో పెట్టె కింద ఒకటి మోగలేదు. తడి మొద్దుని కొట్టినట్టు దబ్బుమంది.

"మంచు పట్టిందిరా దౌరెన్! రైలు ఆపి పాటలు వింటావా? జెండా ఊపు!" అని ఫోర్‌మన్ అరిచాడు.

ఊపాను. మంచు రాలగొట్టి మళ్లీ కొట్టమని మీరు వందసార్లు చెప్పారు. ఒక్క నిమిషం పని. అరవై కిలోమీటర్ల అవతల ఆ చక్రం పగిలింది. ఆ పెట్టెలో టీ ఇచ్చే ఐగానిమ్‌కి కాలు తీసేశారు.

ఫోర్‌మన్ గాడి గొంతు పిసకాలని ఉంది. పిసికితే కాలొస్తుందా? సుత్తి నా చేతిలోనే ఉంది.

మీ శిష్యుణ్ణని ఇంకా ఒప్పుకుంటే,
దౌరెన్

*

జనవరి 16

నాయనా దౌరెన్,

బుర్ర పాడుచేసుకోకు. ఈ చలికి ఇనుము పెళుసైపోతుంది. నీ దగ్గర బయల్దేరాకే పగిలి ఉంటుంది. విచారణలో చక్రం మోగిందని చెప్పు. మీ వదిన ఎండు పెరుగు ఉండలు పంపుతోంది. ఇక ఈ సంగతి రాయకు.

నీ మేలు కోరే
తులెగెన్

*

జనవరి 20

ఆగా,

మోగిందని చెప్పాలా? మీరేనా ఈ మాట రాసింది?

పగిలిన ముక్క చూశాను. పగులు లోపలంతా తుప్పు. కొత్త పగులు మెరుస్తుంది. ఇది వారాల నాటిది. మంచి చక్రంలో దెబ్బ చుట్టూ తిరిగొచ్చి మోగుతుంది, పగులుంటే అక్కడే చస్తుంది. చెప్పింది మీరే. నాకు వినపడింది మీకెందుకు వినపడలేదు?

దౌరెన్

*

జనవరి 27

దౌరెన్,

రెండేళ్లుగా నాకు చెవులు వినపడవు. చెబితే సుత్తి లాక్కుంటారు. చెవికి గాల్లోంచి వచ్చే మోతే చేతికి సుత్తి పిడిలోంచి వస్తుంది కదా అనుకున్నాను. వేసవిలో నా అరచేయి ఎప్పుడూ తప్పలేదు. ఈ చలికి రెండు జతల చేతి తొడుగులు వేసుకున్నాను. వచ్చిందంతా ఆ ఉన్నిలోనే ఆగిపోయింది. ఏ చక్రం దగ్గరా నాకేమీ తెలియలేదు. అయినా జెండా ఊపాను.

నువ్వు విని తప్పు చేశావు. నేను వినకుండానే చేశాను.

తులెగెన్

*

ఫిబ్రవరి 2

తులెగెన్ ఆగా,

మీ ఉత్తరం చదివి సుత్తిని గోడకేసి కొట్టాను. తర్వాత ఐగానిమ్ దగ్గరికి వెళ్లాను. "ఏడవడానికొచ్చావా? ముందు టీ పెట్టు, ఇన్నేళ్లూ నేనే పెట్టాను" అంది. పెట్టి, నా తప్పంతా చెప్పాను. మీది చెప్పలేదు. అది మీరే చెప్పాలి.

విచారణ బుధవారం. నా పక్కన కూర్చోండి. వాళ్లడిగేది మీ అరచేతిలో వేలితో రాస్తాను.

తొడుగులు లేకుండా రండి.

మీ
దౌరెన్