మేడ మీది డబ్బాల తరలింపు గురించి

సదస్సు కార్యాలయం, షర్క్.

కార్యదర్శి నతానియేల్ గారి సముఖానికి,

"ఆఫ్రికా సుస్థిరాభివృద్ధిలో మహిళల పాత్ర" సదస్సులో ప్రదర్శన కోసం, బ్నీద్ అల్ గార్‌లో అధ్యక్షుల వారి మేడ మీదున్న ఆకుకూరల డబ్బాలను తెప్పించమన్న తమ ఆదేశం అందింది. ఏసీల నుంచి కారే నీటిని పట్టి వాటిని పెంచిన ఇథియోపియా పనిమనిషి తిర్హాస్ గత నెల మరణించిన సంగతి తమకు తెలిసిందే.

డబ్బాలు తేలేకపోయాను. ఆమె పోయాక ఎవరూ నీళ్లు పోయకపోయినా మట్టి రోజూ తడిగానే ఉంటోంది. ఆ ఇంట్లోనే వంట చేసే ఎలీసమ్మ అడ్డుపడింది.

"ముట్టుకోకండి బాబూ. ఎవరు పోత్తన్నారో నన్నడక్కండి. మామా, అదే ఇంటి యజమానురాలు కూడా పైకెళ్లడం మానేసింది. ముందా పిల్లని ఇంటికి పంపండి, అప్పుడట్టుకెళ్లండి."

పంపడానికి అడ్డంకి ఒక్కటే. ఈ అరబ్బు దేశంలో ఆమె వీసాకు పూచీపడిన కఫీల్ అయిన అధ్యక్షుల వారు సంతకం చేయనిదే మార్చురీవారు శవాన్ని వదలరు. ఆహ్వానపత్రాలన్నింటిపైనా సంతకాలు ముగించిన వారికి ఈ ఒక్కదానికి తీరిక కల్పించవలసిందిగా మనవి.

వారి ప్రసంగం టైపు చేశాను. "తిర్హాస్ నేటికీ మన మధ్యనే ఉంది" అన్న వాక్యాన్ని మార్చలేదు. ఆ సంతకం పడేవరకు అందులో తప్పేమీ లేదు.

కార్యాలయ గుమాస్తా