ఉసేనమ్మ నీళ్లు

1955 ఆగస్టు 24

ఓబులేసు వచ్చిపోయాడు. అన్న కొడుకు. జీపు లేపిన దుమ్ము ఇంకా వాకిట్లోనే ఉంది.

మహానంది దారిలో నా చేని మూల, మా నాయనమ్మ, జేజి, నీళ్ల కుండలు పెట్టుకుని కూర్చున్న చోట, చలివేంద్రం కడతాడట. బోరింగు, రాతి తొట్టి, కూర్చోవడానికి అరుగులు. కార్తీకంలో భక్తులు నడవడం మొదలయ్యేలోగా తెరవాలట. కర్నూలు నుంచి మంత్రి వస్తాడట. జేజి పేరు పెడతాడట.

ఈ వంశంలో జేజిని తలుచుకునే మనిషి ఇంకొకడు ఉన్నాడా... ఒక్క క్షణం సంతోషం కలిగింది. ఈ వయసులో అది ఒంటికి మంచిది కాదు.

స్థలం ఇస్తానన్నాను.

ఆగస్టు 26

రాయి మీద ఏమని చెక్కిస్తున్నావు అని అడిగాను.

"లక్ష్మమ్మ అని, చిన్నాయనా."

లక్ష్మమ్మ ఎవరు?

ఆగస్టు 27

నిన్న ఆ ఒక్క ప్రశ్న రాసి పుస్తకం మూసేశాను.

జేజి పేరు ఉసేనమ్మ. జేజిని కన్నతల్లికి బిడ్డలు పుట్టినట్టే పుట్టి పోతుంటే పీర్లచావిడిలో ఉసేను పీరుకు మొక్కుకుంది: ఈ బిడ్డ నిలిస్తే నీ పేరే పెడతానని. నిలిచింది. ఈ జిల్లాలో ఏ రెడ్ల ఊరికి పోయి కేకేసినా ఒక ఉసేనమ్మో, దస్తగిరో, మస్తానో పలుకుతారు. ఎవరికీ వింత కాదు. జిల్లా బోర్డు మీద కన్ను పడిన ఓబులేసుకు తప్ప.

"రేపు మీటింగులో ఎవుడో ఒకడు లేచి, ఏమప్పా, మీ జేజికి సాయిబుల పేరేంది అంటే నేనేం చెప్పల్ల?"

"నీ పేరు అహోబిలం సామిది. అదీ మొక్కుకుంటేనే వచ్చింది. ఆ మొక్కేమో మొక్కు, ఇది కాదా?"

"అది వేరే, ఇది వేరే చిన్నాయనా. శానా సదివినోడివి, నీకు చెప్పల్నా?"

కడప కోర్టులో దుబాసీగా ఉద్యోగమంతా ఇలాంటి జవాబులనే ఇంగ్లీషులోకి మార్చాను. ఆ భాషలోనూ వాటికి అర్థం ఉండేది కాదు.

ఆగస్టు 30

పీర్ల పండగ ఆఖరు. పీర్లు ఏటికి, నీళ్లకు పోయి వచ్చాయి. చావిడి చూసుకునే కాశిం సాయిబు అరుగు దగ్గర ఆగాడు. "మీ జేజి ఉన్నెప్పుడు కాగుల కొద్దీ పానకం పోసేదంట కదప్పా. మా నాయన చెప్తాండె." ఏమనాలి... ఆమె ఇప్పుడు లక్ష్మమ్మ అయింది, రాదు అనాలా?

పీర్ల పండగంతా జేజి చెప్పులు వేసేది కాదు. చివరిరోజు చావిడి ముందర బెల్లం పానకం. ఎందుకు పోస్తావని చిన్నప్పుడు అడిగాను.

"ఆయప్ప దప్పికతో సచ్చిపోయినాడు నాయనా. పక్కనే ఏరు పారతా ఉండాది, గుక్కెడు నీళ్లు ఇయ్యలే. ఆ పేరు పెట్టుకోని నా కండ్ల ముందర ఇంకొకరిని దప్పికతో పోనిస్తే, నాకెందుకు ఆ పేరు?"

అందుకే ఆ కుండలు. అందుకే ఆ దారి. శివుడి దగ్గరికి నడిచిపోయేవాళ్లకు ఉసేను పేరు మీద నీళ్లు. ఇందులో విచిత్రం ఏదైనా ఉందని ఆమెకు తోచలేదు. తాగినవాళ్లకూ తోచలేదు.

ఆ పేరు తీసేస్తే నీళ్లకు కారణమే లేదు. ఓబులేసుకు కారణం అక్కర్లేదు, మంత్రి ఉంటే చాలు.

సెప్టెంబరు 6

వాన లేదు. కందిచేను వాడిపోతోంది.

తడి ఇసుకలో సగం పూడ్చిన జేజి కుండలు. వాటి మీద తడి గోనె. ఎండన పడి వచ్చినవాడికి వెంటనే చెంబు అందించేది కాదు. ముందు కూర్చోవాలి. బెల్లం ముక్క కొరకాలి. అప్పుడు నీళ్లు. తొందరపడితే తిట్టేది. "శివుడు యాడికీ పోడులే, కూచో."

ఒకసారి ఎవరో పెద్ద భూస్వామి, గూడుబండిలోంచి చేయి మాత్రం బయటపెట్టి, ఇట్లా తీసుకురా అన్నాడు.

"దప్పిక నీకా, బండికా? నీకైతే దిగిరా."

దిగాడు. కూర్చున్నాడు. బెల్లం కూడా కొరికాడు. ఆరోజు నవ్వినంత గట్టిగా నేను మళ్లీ నవ్వలేదు.

లైబ్రరీలకు లైబ్రరీలు చదివాను. మహాపురుషుల జీవితాలు, బోలెడు. ఒక్కడూ మనిషిని కూర్చోబెట్టి నీళ్లు ఇచ్చినట్టు లేదు.

సెప్టెంబరు 11

అక్క వంటింట్లోంచే మాట్లాడుతుంది, నేను ఎక్కడున్నా సరే. ఈరోజు జేజి కాపురానికి వచ్చిన కథ. జేజి నోటి నుంచే విన్నదట.

అత్తగారికి ఆ పేరు నచ్చలేదు. లక్ష్మమ్మ అని మార్చింది. "లచ్చుమమ్మా" అని పిలిస్తే కొత్తకోడలు పలకదు, లేవదు, తిరిగి చూడదు. చెవుడేమో అనుకున్నారు. చివరికి అత్త వచ్చి భుజం పట్టి ఊపితే, "ఆ యమ్మ యాడుందో వెతుక్కోండి. నేను ఉసేనమ్మను" అందట.

అత్త ఓడిపోయింది. అయితే ఆ పేరు ఈ ఇంట్లో ఏదో మూల పడి ఉన్నట్టుంది. నా అన్న దొరకబుచ్చుకున్నాడు.

సెప్టెంబరు 19

అన్న గురించి రాయాలి. చచ్చినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెప్పడానికి ఏమైనా మిగిల్చి పోవాలి కదా.

జేజి దినాల నాడు నేను కడప నుంచి వచ్చేసరికి పిండాలు అయిపోయాయి. అయ్యవారు పేరు అడిగితే అన్న "లక్ష్మమ్మ" అన్నాడు. ఎందుకన్నావు అంటే, "మంత్రంలో ఆ పేరు ఇమడదురా" అన్నాడు. మంత్రం మీద అంత పట్టు అతనికి అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు. వియ్యంకులు వింటున్నారు, అంతే.

ఆ పిండం ఎవరికి చేరింది? పిలిస్తే పలకని మనిషి, తిని ఉంటుందా?

అక్టోబరు 3

తేల్చి చెప్పాను. రాయి మీద ఉసేనమ్మ అని లేకపోతే స్థలం లేదు.

ఓబులేసు గొంతు పెంచలేదు. అది నేర్చుకున్నాడు. "నీకు నీళ్లు కావాల్నా, పేరు కావాల్నా? నువ్వు ఇయ్యకుంటే నంద్యాల బస్సుల కాడ మా నాయన పేరుతో కట్టిస్తా. మహానంది దారిలో పోయేటోళ్లు నోరెండి సస్తారు, నీ పుణ్యాన."

బుద్ధిమంతుడు. వాళ్ల నాన్న పేరుతో నన్ను ఎక్కడ పొడవాలో తెలుసు.

అక్కతో చెప్పాను. "ఎండన పోయేటోళ్లు రాయి సదివి తాగుతారా? నీళ్లు రానీరా ముందు."

అక్టోబరు 4

నిద్ర లేచి మళ్లీ అదే. ఆ దారిలో ఇప్పటికీ నీళ్లు లేవు. అదీ నిజమే.

అక్టోబరు 14

ఓబులేసు రాజీ తెచ్చాడు. ముందు లక్ష్మమ్మ. రాతి వెనకవైపు ఉసేనమ్మ. "నీ మనసు కూడా నిలుస్తాది. ఎట్లాగూ గోడలోకి పోతాది కదా, ఎవురూ చూడరు."

ఎవరూ చూడరు. జేజి మొహం గోడకు తిప్పి నిలబెడతాడు, బడిలో తప్పు చేసిన పిల్లలా.

ఒప్పుకున్నాను. నీళ్ల కోసం. ఒక షరతు పెట్టాను: వెనకవైపు కూడా ముందులాగే నున్నగా పాలిష్ పట్టాలి, అక్షరాలు అంతే సైజు.

"గోడలో ఉండేదానికి పాలిషా!" నవ్వాడు. "సరేలే, నీ పిచ్చి నీకు ఆనందం."

అక్టోబరు 15

ఆ షరతు ఎందుకు పెట్టాను? ఏ ఉద్దేశమూ లేదని రాస్తే ఈ కాగితమే నవ్వుతుంది.

నవంబరు 8

బేతంచెర్ల నుంచి లారీలో రాయి వచ్చింది. నల్లగా, నీడ కనబడేంత నున్నగా. చేని దగ్గరికి పోయి చూశాను. బోరింగు కొడితే నీళ్లు బాగా పడుతున్నాయి. తాగాను. కొంచెం ఉప్పు. కూర్చునే తాగాను.

మేస్త్రీ రాయి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "పెద్దాయనా, రెండు పక్కలా నున్నగనే ఉండాది, రెండు పక్కలా అచ్చరాలే. నాకు సదువు రాదు. ముందర ఏ పక్క పెట్టల్ల? రెడ్డిని అడుగుదామంటే కర్నూలు పోయినాడు, మంత్రిని పిల్చుకొచ్చేకి."

కళ్లజోడు తెచ్చుకోలేదు, పొద్దున చెప్తా అన్నాను. జోడు నా ముక్కు మీదే ఉంది. మేస్త్రీ దాన్ని చూశాడు. "సరేప్పా, పొద్దున్నే సున్నం కలుపుతా" అన్నాడు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ హంతకుడి మాటైనా మార్చలేదు. ఉన్నది ఉన్నట్టే చెప్పాను. ఇది నా మాట కాదు, రాజీ మాట. దాన్నీ ఉన్నది ఉన్నట్టే చెప్పాలా? మంత్రి గుడ్డ లాగినప్పుడు ఉసేనమ్మ బయటపడితే, ఓబులేసు ఆ పూటకు నవ్వుతాడు. మర్నాడు సుత్తె తెస్తాడు. బోరింగుకు తాళం వేసినా వేస్తాడు. దప్పికతో పోయేవాళ్లు పోతారు... అది జేజి ఒప్పుకుంటుందా? గోడకు మొహం పెట్టి నిలబడడానికైనా ఒప్పుకుంటుందా?

అక్కను అడిగాను. ఈసారి వంటింట్లోంచి బయటికి వచ్చింది. నీళ్లు రానీరా అన్న మనిషి.

"లచ్చుమమ్మా అంటే పలకదురా ఆ యమ్మ."

నవంబరు 9

మేస్త్రీ మనిషిని పంపాడు. సున్నం కలిపాడట, ఆరిపోతుందట.

కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నాను. పోతున్నాను.