మిరపనారుకు పైనుంచి నీళ్లు పొయ్యకు

సంతోషీ, మీ భూపాల్ పెద్దబాపు వస్తే చాయ్ పొయ్యి. మిరపనారు మాత్రం ముట్టనియ్యకు. పట్టా తన పేర ఉన్నదని, నన్నొక్క మాట అడగకుండ చేను ఓపెన్ కాస్టు బొగ్గు గనికి ఇచ్చిండు. ఇప్పుడు నారు కావాల్నట!

నేను డ్యూటీకి పోతున్న. నారు బకెట్ల అడుగున నీళ్లు ఒడిసినయ్, పక్క పైపులకెల్లి నింపు. గుడ్డ వత్తి తనే పైకి గుంజుకుంటది. పైనుంచి పోస్తే వేర్లు కుళ్లుతయ్. అవ్వేమో "వాటికి దూపైతున్నది బిడ్డా" అనుకుంట చెంబుతోని పోస్తనే ఉంటది. ఆపు గని కసురకు.

ఆ బకెట్లల్ల మట్టి మన చేనుది. మిషన్లు దిగకముందు సైకిల్ మీద తెచ్చిన. అవ్వకు చెప్పలే. చెయ్యి పెట్టంగనే గుర్తువట్టి ఏడ్చింది.

మిగిలింది నాలుగు బకెట్లు. పోయింది ఎకరం పదిహేడు గుంటలు.