కాల్చకముందు పది పురుగులు

మోరిస్‌విల్, అమెరికా

తమ్ముడూ పాపయ్యా, కొబ్బరి మొవ్వుల్లో పట్టిన కొమ్ముపురుగుల్ని ఇంకా కాలుస్తూనే ఉన్నావా? గోధుమల్లో మొలిచిన గురుగుల్ని కట్టలు కట్టి కాల్చమన్న బైబిలు వాక్యం చెప్పి, నీకు ఆ పని నేర్పింది నేనే.

నేను సీసాలు కడిగే ల్యాబ్‌లోనూ ఆ పురుగులే. మొన్న రెండు దీవుల నుంచి వచ్చినవాటిని, ఒకే నలుపు, ఒకే కొమ్ము కదా అని ఒకే సీసాలో పోశాను. దేదీప్య అనే స్టూడెంట్ తల పట్టుకుంది. "ఆంటీ, చూడ్డానికే ఒకటి. డీఎన్ఏ టెస్ట్ చేస్తే రెండు రకాలు. పురుగుల్ని చంపడానికి వదిలే వైరస్ ఒకదానికి ఎక్కుతుంది, ఇంకోదానికి ఎక్కదు. అన్నీ మళ్ళీ టెస్ట్ చెయ్యాలి." మూడు రోజులుగా నిలబడి ఒక్కో పురుగు కాలూ విరిచి ఇస్తున్నాను. పైరూపం చూసి తీర్పు తీర్చవద్దని ముప్పై ఏళ్లు ప్రసంగించిన నోరు నాది. అలసిపోయానురా.

నిరుడు నీ తోటలో వదిలిన వైరస్ ఎందుకు పనిచేయలేదో బూడిద చెప్పదు. గిరిజ మోకాలు ఎలా ఉంది? పిల్లలకు దీవెనలు.
అక్క సువార్తమ్మ

తా.క. మిగిలిన అరవై చెట్లూ పోకముందే, ఇవాళ పట్టినవాటిలో పదింటిని స్పిరిట్ సీసాలో వేసి, ఏ రకమో తేల్చమని ఇవాళే కొబ్బరి పరిశోధన కేంద్రంలో ఇచ్చిరా.