మామయ్య రైఫిల్‌కు సీసపు గుండ్లు

ఫిబ్రవరి 7, శనివారం

గోపన్‌పల్లి. మామయ్య ఇంటి వెనక రేకుల షెడ్డు. ఇనుప మూకుడులో సీసం కరుగుతోంది. టైర్ల షాపుల వాళ్లు చక్రాల బ్యాలెన్సింగుకి వాడి పారేసిన ముక్కలు. పైన బూడిదరంగు తెట్టు. మామయ్య ఒక కొవ్వొత్తి ముక్క పడేశారు. పొగ, చిన్న మంట... తెట్టు తీసేశాక కింద అద్దంలాంటి వెండి.

గుండ్లు పోసే అచ్చు ఇంకా వేడెక్కలేదు. మొదట పోసిన గుండ్లన్నీ ముడతలు. మళ్లీ మూకుడులోకే.

"సీసానికి లేని తొందర నీకేంది అల్లుడా?"

అల్లుణ్ణి కాను. పోయిన ఏడాది నుంచి, కోర్టు చెప్పిన ప్రకారం, కాను. ఎస్తేర్‌కీ నాకూ గొడవలేమీ జరగలేదు. మాటలు అయిపోయాయి, అంతే. వాళ్ల నాన్నతో శనివారాలు మాత్రం అయిపోలేదు. ఆయన పిలుపు మార్చలేదు. నేనూ మార్చలేదు.

మధ్యాహ్నానికి పాత తువ్వాలు నిండా గుండ్లు. చేతులు సబ్బుతో కడిగి, మళ్లీ కడిగి, అప్పుడు అన్నం. నర్సు ఎస్తేర్ ఎప్పుడో పెట్టిన రూలు. ఆమె లేకపోయినా రూలు నడుస్తోంది.

ఫిబ్రవరి 8

గుండ్లకు పూసిన తేనెమైనం వాసన ఇంకా వేళ్ల మీద. పోవట్లేదు. పోవాలని కూడా లేదు.

ఫిబ్రవరి 10

రాయదుర్గం. ఆఫీసు. టీములో కొత్తగా చేరిన అమ్మాయి కాఫీ దగ్గర అడిగింది: "వీకెండ్ ఏం చేస్తుంటారండీ?"

గార్డెనింగ్ అన్నాను.

"ఓ... ఏం పెంచుతారు?"

టమాటాలు.

నిజం చెబితే చాలా చెప్పాలి. తుపాకి ఎవరిది, లైసెన్స్ ఎవరిది, ఆయన మీకేమవుతారు... చివరి ప్రశ్నకే జవాబు లేదు.

ఫిబ్రవరి 14, శనివారం

ఊరి బయట షూటింగ్ రేంజ్. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

సైన్యం ఎప్పుడో పక్కన పెట్టేసిన రైఫిల్ అది. మామయ్య సైన్యంలో ఉన్నన్నాళ్లూ తుపాకులు బాగుచేశారు. సుబేదార్‌గా రిటైరయ్యాక ఇదొక్కటీ లైసెన్స్ మీద తెచ్చుకున్నారు. కంపెనీ తూటాలు పేలిస్తే భుజం మీద గుర్రం తన్నినట్టే. ఆయన భుజానికి ఆపరేషన్ అయింది. అందుకే ఈ మెత్తని సీసపు గుండ్లు, కొంచెమే తుపాకి మందు. శబ్దం కూడా పెద్ద దగ్గు లాగా.

ఈ రోజు గురి బాగాలేదు. కాగితం మీద రంధ్రాలు గుండ్రంగా పడలేదు. గుండు దారిలో పల్టీ కొట్టి పక్కకు పడుకుని దూరింది. తాళంచెవి రంధ్రాల్లా ఉన్నాయి.

మామయ్య బ్యారెల్ లోపలికి చూశారు. చాలాసేపు.

"అరిగింది. లావయింది లోపట. గుండు వదులయితున్నది. ఇంకో అచ్చు కావాలె, జర పెద్దది."

నిరాశ లేదు ఆయన గొంతులో. పని దొరికిన సంతోషం ఉంది.

ఫిబ్రవరి 18

ఎస్తేర్ ఫోన్. చాలా నెలల తర్వాత. పేరు తెర మీద చూసి రెండు రింగులు ఊరికే కూర్చున్నాను.

బాగున్నావా లేదు, ఏం లేదు. నేరుగా విషయం. వాళ్ల నాన్న గ్యాస్ ఆపడం మర్చిపోతున్నాడు. ప్రార్థనకు బయల్దేరి కొత్తగూడ ఫ్లైఓవర్ కింద ఆటో దిగి నిలబడ్డాడు, ఎటు పోవాలో తెలియక. తెలిసినవాళ్లు ఇంటికి చేర్చారు. ఇప్పుడు రైఫిల్ లైసెన్స్ రెన్యువల్‌కి డాక్టరు సర్టిఫికెట్ కావాలట.

"మా దవాఖాన డాక్టరే. నా మీద నమ్మకంతో సంతకం పెడ్తడు. పెట్టమనాలా, వద్దా? వారం వారం ఆయన పక్కన ఉండేది నువ్వు. నువ్వు చెప్పు."

నాకేమీ తేడా కనిపించలేదన్నాను.

"సరిగ్గా చూడు," అంది. పెట్టేసింది.

ఫిబ్రవరి 21, శనివారం

సరిగ్గా చూశాను.

కొత్త అచ్చు వచ్చింది. మామయ్య చెయ్యి గరిట మీద స్థిరంగా ఉంది. సీసం పోసే ధార తెగదు. అచ్చు తెరిచి, చిన్న చెక్క కొయ్యతో తట్టి, గుండు తువ్వాలు మీదికి. ఈయనకేమైంది అనుకున్నాను.

తర్వాత గుండ్లు ఏరడం. మంచివి ఒక డబ్బాలో, ముడతలవి ఇంకో డబ్బాలో. ఆయన ఏరుతూ లడఖ్‌లో తుపాకి నూనె గడ్డకట్టిన కథ చెబుతున్నారు. కథలో ఒక్క పేరూ తప్పలేదు. కానీ ముడతల గుండ్లు మంచి డబ్బాలో పడుతున్నాయి. ఒకటి. తర్వాత ఇంకొకటి.

టీ పెట్టడానికి ఆయన లోపలికి వెళ్లినప్పుడు డబ్బాలు సరిచేశాను.

ఎస్తేర్‌కి ఫోన్ చేయలేదు.

ఫిబ్రవరి 25

ఎస్తేర్ మెసేజ్: "చూసినవా?"

"చూస్తున్నాను."

మార్చి 7, శనివారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

గుండ్లు పోయడం షెడ్డులో. తూటాల్లో మందు నింపడం మాత్రం రైఫిల్ క్లబ్బులోనే. అనుమతి క్లబ్బుది, మందు ఉండేది క్లబ్బు బీరువాలో. ఒక గది, ఒక బల్ల, ఒక త్రాసు. మామయ్య తూచి ఇత్తడి ఖోకాల్లో, అంటే ఖాళీ తూటా గొట్టాల్లో, మందు పోస్తారు. గుండు బిగించే ముందు నేను ఒక్కొక్క ఖోకాలోకి టార్చి వేసి చూస్తాను. మొదటి రోజు నుంచి ఆయన పెట్టిన పద్ధతే. "ఒకడు పొయ్యాలె, ఒకడు చూడాలె. ఇద్దరూ ఒక్కడే అయితే చస్తరు."

మూడో వరసలో ఒక ఖోకాలో మందు పైకి ఉంది. పక్కవాటిలో అడుగున ఎక్కడో కనిపిస్తుంది. దీనిలో సగం దాటింది.

రెండుసార్లు పోశారు.

మేం వాడే మందు తక్కువ కాబట్టి రెండింతలు పోసినా పొంగదు. మీద గుండు బిగిస్తే బయటికి ఏమీ తెలియదు. పేలిస్తే మాత్రం ఆ పాత ఇనుము తట్టుకోదు. చెంప ఆనించేది ఆయన. కొన్నిసార్లు నేను.

టార్చి ఆర్పలేదు. ఆయన నా వైపు చూస్తున్నారు.

అన్ని ఖోకాల్లోని మందూ డబ్బాలోకి ఒంపేశాను, ఒక్కొక్కటీ. "గాలికి త్రాసు కదిలినట్టుందండీ మామయ్యా. మళ్లీ మొదలుపెడదాం."

ఆయన కిటికీ వైపు చూశారు.

"గాలేడున్నది? కిటికీ మూసే ఉన్నది కదా."

ఈ రోజు కాల్చలేదు. దారిలో ఆయన కారు అద్దం దించి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఇంటి దగ్గర దిగేటప్పుడు "జాగ్రత్తగ పో" అన్నారు. ఎప్పుడూ అనరు.

మార్చి 8

చెప్పాలి. చెబితే శనివారాలు పోతాయి.

ఇలా రాసి చూసుకుంటే చాలా చిన్నదిగా ఉంది. ఆయన చెంప ఒక పక్క, నా శనివారం ఒక పక్క.

మార్చి 9

కొత్తగూడలో ఎస్తేర్‌ని కలిశాను. డ్యూటీ దిగి వచ్చింది, యూనిఫాం మీదే. చాయ్ తెప్పించాను. తాగలేదు. చెప్పాను. టార్చి, మూడో వరస, రెండింతలు. ముడతల గుండ్ల సంగతి కూడా.

చాయ్ మీద మీగడ కట్టింది.

"గుండ్లు మార్చిపెట్టినప్పుడే ఎందుకు చెప్పలే?"

"పెద్ద విషయం అనుకోలేదు."

"అబద్ధం."

అవును.

"నీకు మా నాన్న కావాలె," అంది. కోపంగా కాదు. కేస్‌షీటు చదివినట్టు. "నేను అక్కర్లేకపోయినా."

అలా కాదు అనాలనిపించింది.

మార్చి 12

మామయ్య ఫోన్.

"నువ్వే చెప్పినవా?"

"అవునండీ."

వెనక టీవీలో ఎవరో బైబిల్ వాక్యం చదువుతున్నారు.

"మంచిది. చూసినోడు రిపోర్టు ఇయ్యాలె." ఆగారు. "ఈ శనివారం రాకు."

మార్చి 14, శనివారం

బట్టలు ఉతికాను. కొండాపూర్ దాకా నడిచి వచ్చాను. మధ్యాహ్నం నిద్ర పట్టలేదు.

మార్చి 17

ఆఫీసులో ఆ అమ్మాయి: "టమాటాలు కాశాయా అండీ?"

లేదు. తెగులు.

మార్చి 21, శనివారం

ఈ వారం కూడా.

మార్చి 22

పొద్దున బెల్లు. తలుపు తీస్తే మామయ్య. చర్చి బట్టలు, ఇస్త్రీ చొక్కా. కింద ఆటో ఆగి ఉంది, ఎస్తేర్ అందులోనే కూర్చుంది. పైకి రాలేదు.

నా ఫ్లాట్‌కి ఆయన రావడం ఇదే మొదలు. గోడలు చూశారు. ఏమీ లేవు గోడల మీద.

మంచినీళ్లు తాగి కూర్చున్నారు.

"ఆ దినం నా చెయ్యి నాకు యాదికి లేదు. పోసిన చెయ్యి. నువ్వు టార్చి పట్టుకుని ఆగినవ్ చూడు... అప్పుడు తెలిసింది." అరచేతులు తిప్పి చూసుకున్నారు. "నేను భయపడ్డ అల్లుడా. సర్వీసుల ఎన్నడు గంత భయపడలే."

ఇంకో గ్లాసు నీళ్లు తెచ్చాను.

ఆయన నిర్ణయం అయిపోయింది. ఇక కాల్చరు. మందు ముట్టుకోరు. కానీ రైఫిల్‌ని పోలీస్ స్టేషన్ గదిలో తుప్పు పట్టడానికి ఇవ్వరు.

"వయసైనోళ్లు ఇంట్లోళ్ల పేరు మీద మార్చొచ్చట. ఆఫీసుకు పోయి అడిగిన. బిడ్డకు ఇయ్యొచ్చు. అల్లునికి కూడ ఇయ్యొచ్చు అన్నడు క్లర్కు."

కింద ఆటోవాడు హారన్ కొట్టాడు.

"అల్లుడైతేనే అన్నడు."

నేను కిటికీ వైపు చూశాను. ఆయన లేచారు. గుమ్మం దగ్గర నా భుజం మీద చెయ్యి వేయబోయారు. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి. పూర్తిగా పైకి లేవదు, మోచేతి పైన ఆగింది.

"లైసెన్స్ సంగతి ఎస్తేర్‌ను అడుగుత. వచ్చే శనివారం రేంజ్‌కు రా. నువ్వు పొయ్యి, నేను చూస్త."

మార్చి 28, శనివారం

క్లబ్బు గది. త్రాసు ముందు నేను. నా పక్కన మామయ్య, టార్చి ఆయన చేతిలో. ఆయన వెనక ఎస్తేర్, గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని. ఆయన చూసిన ప్రతి ఖోకానీ ఆమె మళ్లీ చూసింది.

నేను పోస్తుంటే మందు బల్ల మీద చిందింది. "తుడువు. మళ్ల పొయ్యి," అన్నారు మామయ్య, మామూలుగా.

రేంజ్‌లో ఆయన రైఫిల్ పట్టుకుని కాసేపు నిలబడ్డారు. బోల్టు తెరిచారు, మూశారు. కూతురికి ఇచ్చారు.

"నేనా?" అంది ఎస్తేర్.

"నువ్వే బిడ్డా. ఊకె. ఒక్కసారి."

చాప మీద బోర్లా పడుకుంది. చున్నీ నడుముకి చుట్టి. రైఫిల్ మడమ భుజానికి ఎక్కడ ఆనించాలో తెలియలేదు. మామయ్య వంగలేరు. ఆయన నావైపు చూశారు. నేను మోకాళ్ల మీద కూర్చుని, ఆమె భుజం ముట్టుకోకుండా, వేలితో గాలిలో చూపించాను.

"ముట్టుకుంటే ఏం కాదు," అంది, మూసిన కన్ను తెరవకుండానే.

సరిచేశాను.

శ్వాస సగం వదిలి ఆపమని చెప్పారు మామయ్య. పెద్ద దగ్గు లాంటి ఆ శబ్దం. దుమ్ము.

కాగితం దగ్గరికి నడిచాం, ముగ్గురం. నల్ల వృత్తం బయట, కుడి పక్క, ఒకటే రంధ్రం. గుండ్రంగా, శుభ్రంగా. కొత్త అచ్చు సరిపోయింది.

మామయ్య ఆ రంధ్రంలో చిటికెన వేలు పెట్టి చూశారు. నవ్వారు. తర్వాత నన్నడిగారు, "ఈ అచ్చు ఎప్పుడు తెచ్చినం?"

"పోయిన నెలండీ. మీరే తెప్పించారు."

"ఆఁ. అవును."

ఎస్తేర్ ముఖం పక్కకు తిప్పుకుంది.

ఏప్రిల్ 1

ఆఫీసు. మామూలు పనే. రెండు తప్పులు చేశాను. రెండూ నేనే పట్టుకున్నాను.

ఏప్రిల్ 2

పొద్దున మెట్రోలో ఎస్తేర్ మెసేజ్. ఆమె ఇంత పొడుగు మెసేజ్ ఎప్పుడూ పెట్టదు.

"లైసెన్స్ నా పేరు మీదికి మార్చుకోమంటున్నడు. వద్దన్నా అడుగుతడు, మర్చిపోయి మళ్ల అడుగుతడు. ఒప్పుకుంటా కావచ్చు. సీసం పోసుడు ఒక్కటి చేతులకు యాదికి ఉన్నది ఆయనకు. అది గుంజుకోలేను. కానీ నాకు రాదు ఇదంతా. నేర్పేది నువ్వే అంటున్నడు. ప్రతి శనివారం, మా ఇంట్ల, నేను కూడ ఉంట. ఎన్ని దినాలో తెల్వదు. ఆయన నిన్ను గుర్తుపట్టని శనివారం కూడ వస్తది. అప్పుడు కూడ రావాలె. రాలేనంటే ఇప్పుడే చెప్పు, రైఫిల్ అప్పజెప్పేస్త. జాలితోని మాత్రం రాకు."

రాయదుర్గం. చివరి స్టేషను. అందరూ దిగుతున్నారు.

"జాలి కాదు" అని టైప్ చేశాను. పంపలేదు. మరేంది అని అడుగుతుంది. అడిగే మనిషే.

తుడిచాను. "వస్తాను" అని టైప్ చేశాను. ఇంకా పంపకుండా, దిగకుండా, దాన్నే చూస్తూ కూర్చున్నాను.

తలుపులు మూసుకున్నాయి. రైలు వెనక్కి బయల్దేరింది, నాతో.