వంటింటి కింది రాయి

ఉరిగాం, కె.జి.ఎఫ్.
12 ఆగస్టు 2009

చిరంజీవి సుధీంద్రకు,

మా వంటింటి మూలలో నువ్వు పెట్టిన భూకంప యంత్రంలో నా అలికిడి, రుబ్బురోలు చప్పుడు కూడా పడుతున్నాయని, దాన్ని ఆదివారం వేరే ఇంటికి మారుస్తామని కబురు పంపావు. మార్చవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

సముద్రాల అవతల ఎక్కడో భూమి కదిలితే, ఆ కదలిక మా ఇంటి కింది రాతిలోంచి వచ్చి నీ తెర మీద గీతగా పడడం చూపించావు. అప్పుడు నా పొయ్యి మీద పాలు తొణకను కూడా లేదు. ఇన్నేళ్లు ఆ నేల మీదే కూర్చుని కూరలు తరిగాను. అది అంత దూరం వింటుందని ఎరగను.

పోయిన మంగళవారం ఇల్లు అదిరినప్పటి గీతను నేనే పాడుచేశాను. "అవ్వా, భూమి కంటే మీ పరుగే పెద్దగా పడిండాది" అని నవ్వావు. "చెప్పులేసుకొని వంటింట్లోకి వచ్చినోడివి, నన్ను చూసి నవ్వుతావా అప్పా?" అన్నానే గాని, కారణం చెప్పలేదు.

ఇక్కడ బంగారు గని నడిచిన రోజుల్లో కింద బండ పగిలితే పైన ఇళ్లు అదిరేవి. ఆడవాళ్లమంతా వీధిలోకి పరుగెత్తి, షిఫ్టు పైకి వచ్చేదాకా నిలబడేవాళ్లం. మా ఆయన ప్రతిసారీ వచ్చారు. ఎదురింటి దాక్షాయణి భర్త ఒకసారి రాలేదు. గని మూసినా, నీళ్లు నిండిన ఆ ఖాళీల్లో బండలు ఇంకా పగులుతున్నాయని నువ్వే చెప్పావు. నా కాళ్లు ఇంకా పరుగెత్తుతున్నాయి.

ఇక జరగవలసినవి:

1. యంత్రం అక్కడే ఉండాలి.
2. రుబ్బురోలు పెరట్లోకి పోతుంది.
3. నువ్వు చెప్పులు గుమ్మం బయటే విడవాలి.
4. ఈసారి ఇల్లు అదిరితే నేను కదలకుండా కూర్చుంటాను. కింద ఇప్పుడు మనవాళ్లెవరూ లేరు.