కింద క్లాసుంది బావా

అమీర్‌పేట,
ఆదివారం పొద్దున.

భానుకు,

ఇక్కడ నేనూ, కుండీలో నీ తులసీ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, కడుపులో మన పెద్దమనిషి, అత్తమ్మ, మామయ్య అందరూ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. ఫోనుండగా ఉత్తరమేంటని నవ్వకు. ఫోన్ చేస్తే అత్తమ్మ స్పీకర్ పెట్టి పక్కనే కూర్చుంటుంది. ఇది ఆమె వినాల్సింది కాదు.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. ఒక పూట వండుకుంటున్నాను, ఒక పూట మెస్సు. గడ్డం తీయలేదు, నీ కాన్పయ్యేదాకా తీయను. "మన ఉక్కపోత బ్యాండు గురించి జనం ఏమంటుండ్రు?" అన్నావు కదా, తలో మాట అంటున్నారు. ఆరేళ్లు గొంతు చించుకుని, డ్రమ్ములు పగిలేలా వాయించినా రాని పేరు ఒక్క మెత్తని పాటతో వచ్చింది. పంజాగుట్ట మెట్రో మెట్ల దగ్గర ఒకావిడ ఆపి, "మీ పాట పెడితేగానీ మా బాబు పడుకోడండీ" అంది. రాక్ బ్యాండు పెట్టి జోలపాటలకు వచ్చాం చూడు! ఎర్రమంజిల్ చాయ్ బండి దగ్గర మన పాత అభిమాని ఒకడు మొహం మీదే అన్నాడు: "అమ్ముడువోయిండ్రన్నా. గిది ఉక్కపోతనా? ఏసీ రూముల ఉన్నట్టుంది." కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది.

ఆన్‌లైన్‌లో అయితే తిట్లే తిట్లు. వాటికి ఓపిగ్గా బదులిస్తున్నది ఎవరనుకున్నావు? మీ అన్న. "పాట మారింది గని మా బావ మారలే. కింద క్లాసు అయిపోనియ్యుండ్రి, మళ్ల మోగిస్తం" అని తన పేరు పెట్టి మరీ రాస్తున్నాడు. చదవలేక ఫోన్ బోర్లా పెట్టేశాను.

అంతా ఆ క్లాసుతోనే మొదలైందని నీకూ తెలుసు. మన ప్రాక్టీసు గది కింద మంజూష మేడం సాఫ్ట్‌వేర్ క్లాసు పెట్టడం, మన మోత ఆమె ఆన్‌లైన్ పాఠంలో వినబడుతోందని ఓనర్ గొడవ చేయడం, డ్రమ్ములు వాయించే మీ అన్న, మా బావ, తనంతట తానే వాటి మీద దుప్పటి కప్పేయడం. అతనికి పగలు షోరూంలో డ్యూటీ, వీలయ్యేది సాయంత్రమే, క్లాసూ సాయంత్రమే. సరేలే అని నేనూ, బ్యాండులో మిగిలిన వివేక్, రవళి మెల్లగా పాడుకుంటూ ఉంటే రవళి ఫోన్‌లో తీసి ఆన్‌లైన్‌లో పెట్టింది. ఆ పాటే ఇప్పుడు ఊరంతా తిరుగుతోంది.

ఇప్పుడు స్టేజీ ఎక్కగానే నాకు స్టూలు వేస్తున్నారు. మధ్యలో లేవకూడదట. మొన్న ఒక చరణంలో గొంతు పెంచబోతే సౌండు వాడు తగ్గించేశాడు. నా పాటలో నేనే అరవడానికి వీల్లేదు భానూ. ఊపిరాడటం లేదు.

"అన్న ఇంకా ప్రాక్టీసుకు ఎందుకు పోతలేడు?" అని కూడా అడిగావు. ఆ ఒక్కదానికి జవాబు ఇంతసేపూ దాటేస్తూ వచ్చాను.

మంజూష మేడం దసరాకే మాసబ్ ట్యాంక్‌కు మారిపోయింది. నాలుగు నెలలైంది, కింద గదికి తాళం. బావ వారం వారం ఫోన్ చేసి "క్లాసు అయిపోయిందా బావా?" అంటాడు. "ఇంకో బ్యాచ్ మొదలైంది బావా" అంటాను. వివేక్, రవళి నోరు మెదపరు. ఎందుకు చేశానంటే, డ్రమ్ములు లేనప్పుడే జనం నా మాటలు విన్నారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, అది నాకు నచ్చింది. పోయిన వారం పంజాగుట్టలో ఆడియో కంపెనీ హనుమత్ప్రసాద్ గారు కాగితాలు ముందు పెట్టి, "ఇదే సౌండు, మూడేళ్లు. డ్రమ్స్ అక్కర్లేదండీ, మీ ముగ్గురు చాలు" అన్నారు. సంతకం పెట్టేశాను. బ్యాండుకు పేరు పెట్టింది బావ, నన్ను మీ ఇంటికి తెచ్చి నీకు చూపించింది బావ. 

నిన్న సాయంత్రం చెప్పేద్దామని ఎస్.ఆర్. నగర్‌లో అతని రూముకు పోయాను. నన్ను కూర్చోబెట్టి రెండు దిండ్లు ముందేసుకున్నాడు. "జర విను బావా. నాలుగు నెలల సంది గిదే పని. ఉత్త చేతులే. పక్క మంచంల సురేందర్ పండుకున్నా లేస్తలేడు. గింత మెల్లగ కొడితే మేడంకు సుత ఫికర్ ఉండదు గదా?" అన్నాడు. మన పాట మొత్తం ఆ దిండ్ల మీద వాయించాడు. ఎంత బాగుందంటే, ఆ పాటలో ఏం తక్కువైందో నాకు అప్పుడు తెలిసింది.

నోరు తెరిచాను. "ఈ బ్యాచ్ అయిపోనీ బావా, అడిగి చూస్తా" అని వచ్చింది నోట్లోంచి.

చెప్పులేసుకుంటుంటే తలుపు దాకా వచ్చాడు. "మేడంకు నా దిక్కు నుంచి మస్తు థ్యాంక్స్ చెప్పు. గిట్ల మెల్లగ వాయించుడు ఆమె వల్లనే నేర్చుకున్న" అన్నాడు.

చెబుతానన్నాను, భానూ.

ఇట్లు,
నీ పెనిమిటి,
రాఘవేందర్